రెండో డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు

చిరంజీవి రమణకు పెదనాన్న ఆశీస్సులు.

నీ మూత్రనాళంలో 7 మిల్లీమీటర్ల రాయి ఉందనీ, డాక్టరు ఆపరేషన్ చేయించుకోమన్నా మరొక యూరాలజిస్టుకు చూపించుకున్నాకే తేల్చుకుంటానన్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. డాక్టరుకు ఎదురు ప్రశ్న వేయడమే తప్పనుకున్న తరం మాది. అందుకే నీ తెగువకు సంతోషించాను. అయితే ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. మన ఉద్దానం ప్రాంతంలో కిడ్నీలను పాడుచేసే జబ్బు వేరు, రాళ్ల జబ్బు వేరు అని నాకూ తెలుసు గానీ, డయాలసిస్‌కు వెళ్లివచ్చే ఇరుగుపొరుగును చూస్తూ కవిటిలో ముసలివాడినైన నాకు కిడ్నీ మాట చెవిన పడితే చాలు, కాళ్లు వణుకుతాయి.

ముందుగా ఒక మాట. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా రెండో అభిప్రాయం సంగతి పక్కనపెట్టి, ఆ క్షణమే దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లు. రాయి అడ్డుపడినచోట ఇన్ఫెక్షన్ చేరితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

రిపోర్టు కాగితంతో పాటు సీటీ స్కాన్ సీడీని, రక్త, మూత్ర పరీక్షల కాగితాలను పట్టుకెళ్లు.

మీ చిన్నాన్న సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. రాయి నొప్పితో చేరినప్పుడు మూత్రం దిగడానికి మూత్రనాళంలో డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం అమర్చి, కొన్ని వారాల్లో తీయించుకోవాలని డిశ్చార్జి కాగితంలో రాసి ఇచ్చారు. నొప్పి తగ్గింది. మిగిలిన రాయికి ఏం చేయాలో అడుగుదామని ఆయన ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరును కలిశాడు గానీ, మొదటివారి కాగితాలు చూపిస్తే ఈయన ఏమనుకుంటారోనన్న మొహమాటంతో వాటిని ఇంట్లోనే వదిలేసి వెళ్లాడు. స్టెంట్ ఉందని మొదటి డాక్టరుకు తెలుసు, మనిషి మళ్లీ కనిపించలేదు. మనిషి ఎదురుగా ఉన్న రెండో డాక్టరుకు స్టెంట్ సంగతి తెలియదు. ఏళ్లు గడిచాక మూత్రంలో రక్తం పడి ఎక్స్‌రే తీస్తే ఆ గొట్టం చుట్టూ రాయి పేరుకుని ఉంది. సకాలంలో వెళ్లి ఉంటే కెమెరా గొట్టంతో నిమిషాల్లో తీసేవారు. దానికి బదులు విడతలు విడతలుగా ఆపరేషన్లు చేయాల్సివచ్చింది, ఆ వైపు కిడ్నీ సగానికి పైగా పాడైపోయింది. మొహమాటపడడంలో నీదీ ఆయన పోలికే, అందుకే ఇంతగా రాస్తున్నాను.

కాబట్టి ఏదీ దాచకు. ముందు స్కాన్ రెండో డాక్టరు చేతికిచ్చి చూడనివ్వు. మొదటి డాక్టరు ఏమన్నారో ఆ తర్వాత చెప్పు. రాయి ఎక్కడ ఉంది, కిడ్నీ వాచిందా, మందులతో కొన్ని వారాలు ఆగితే పడిపోయే అవకాశం ఎంత, ఆగితే కలిగే నష్టమేమిటి అని అడుగు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి; 7 అంటే అటూ ఇటూ కావచ్చు. ఇద్దరి మాటా ఒకటే అయితే మూడోవారిని వెతుక్కుంటూ కాలయాపన చేయకు. స్టెంట్ వేస్తే ఏ తేదీన, ఎవరు తీస్తారో రాయించుకుని, ఆ కాగితం ఫొటో నాకూ పంపు.

నొప్పి వచ్చినప్పుడల్లా కిడ్నీలను దెబ్బతీయగల డైక్లోఫెనాక్ నొప్పిమాత్రలు మందులషాపులో కొని మింగుతున్నావట, బుద్ధి ఉందా? ఉద్దానం బిడ్డవై ఉండి కూడా చేసే పనేనా అది? కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు నాన్నా. కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో తెలిపే నీ క్రియాటినిన్ ఎంతో మీ అమ్మ చెప్పలేకపోయింది. ఈ ఉత్తరం అందగానే ఆ అంకె చెప్పు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి.

మీ పెదనాన్న