జామాయిల్ మొద్దులకు ఉప్పు, నిప్పు వద్దు

ప్రశ్న: మూడెకరాల జామాయిల్ కర్ర కొట్టించి నెలన్నర అయింది. మొద్దులన్నీ పిలకలు వేస్తున్నాయి. ఈ వానాకాలం ఆయిల్‌పామ్ పెడదామనుకుంటున్నాను. మొద్దులకు ఉప్పు పోసి, తర్వాత కాల్చేస్తే చచ్చిపోతాయని ఊళ్లో చెబుతున్నారు. చేయమంటారా?
– ఒక రైతు, దమ్మపేట మండలం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: దయచేసి ఆ రెండూ చేయకండి. ఉప్పుతో మొద్దు చావడం అటుంచి నేల పాడవుతుంది. రేపు ఆయిల్‌పామ్ వేరు పెట్టాల్సింది ఆ మట్టిలోనే కదా. నిప్పు పెడితే పైన బొగ్గవుతుంది, కింద ప్రాణం అలాగే ఉంటుంది. పిలకలు వచ్చేది నేలకు ఆనుకుని, బెరడు కింద దాగిన మొగ్గల నుంచి. కత్తి మొనతో అక్కడ బెరడు కొంచెం లేపి చూడండి. తడిగా, పచ్చగా పొర కనిపిస్తే మొద్దు బతికున్నట్టే.

ఆయిల్‌పామ్ పాతికేళ్లకు పైగా ఉండే తోట. అందుకే ఖర్చయినా ఇప్పుడే ప్రొక్లెయిన్‌తో పెకలించడం మేలని నా అభిప్రాయం. ఒకటి రెండు మంచి వానలు పడి నేల మెత్తబడ్డాక పెట్టించండి, మిషన్ గంటలు తగ్గుతాయి. మొదలు దుంపతో సహా రావాలి. తెగిన సన్న వేళ్లు లోపల మిగిలినా టెన్షన్ పడకండి, జామాయిల్ వాటి నుంచి మొలవదు. ట్రాక్టర్‌కు గొలుసు కట్టి మాత్రం లాగొద్దు. ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడితే నడిపేవారి ప్రాణానికే ముప్పు.

డబ్బు సరిపోకపోతే ఇంకో దారి ఉంది. 3×2 మీటర్ల దూరంలో వేసిన తోటలో ఎకరాకు 660కి పైగా మొద్దులుంటాయి. ఆయిల్‌పామ్ 9 మీటర్ల త్రికోణ పద్ధతిలో ఎకరాకు 57 మొక్కలే. ముందుగా గుంతలకు గుర్తులు పెట్టించి, వాటి చుట్టూ రెండు మీటర్లలో ఉన్న మొద్దులు తీయించండి. మిగతావాటి పిలకలు మోకాలెత్తు రాకముందే కొడుతూ ఉండాలి. ఆకు నిలవకపోతే దుంపలో దాచుకున్న ఆహారం తరిగిపోయి మొద్దు చస్తుంది. మధ్యలో ఒక్క సీజన్ వదిలేశారా, మళ్లీ మొదటికొస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకంపై 2022లో కేంద్రం ఆంక్షలు పెట్టింది కాబట్టి సొంతంగా పూయకండి.

మొద్దు తీసిన గోతుల్లో పైమట్టి అడుగుకు పోకుండా పూడ్పించండి. కుళ్లే వేళ్లు నత్రజనిని పట్టుకుంటాయి. అందువల్ల మొదటి ఏడాది అంతరపంట పాలిపోయినట్టు కనిపిస్తే తెగులని మందులు కొట్టొద్దు, కాస్త యూరియా అందించండి. పెకలించిన మొద్దులు గట్టున కుప్ప పెడితే చెదలు చేరతాయి. ఇటుక బట్టీలవాళ్లు కొంటారేమో అడగండి, లేదంటే వంటచెరుకుగా ఇచ్చేయండి.