ముందు ఆ ఇరవై మీటర్ల సంగతి చూడు

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన మ్యాప్ చూశాను. కాలనీ నుంచి బడికి, బస్టాపుకి, పార్కుకి నడిచేవాళ్లకు ఎర్ర గీత, సైకిళ్లకు నీలం గీత శ్రద్ధగా గీశావు. ఇంత పని నామీద పెట్టారని టెన్షన్‌గా ఉందని రాశావు. ఏం పరవాలేదు. కమిటీ ముందు పెట్టేలోపు ఆ మ్యాప్ మడిచి సంచిలో వేసుకుని దారంతా ఒకసారి నడిచి రా.

ఎందుకు చెబుతున్నానంటే, పదిహేనేళ్ల కిందట మేమూ ఇలాంటి దారే వేశాం. రెండు కిలోమీటర్లు. చెట్ల నీడ, వెడల్పైన ఫుట్‌పాత్, అన్నీ కుదిరాయి. ఆరు నెలల తర్వాత చూస్తే పొద్దున వాకింగ్‌కి వచ్చేవాళ్లు తప్ప మరెవరూ లేరు. పిల్లలు ఎప్పటిలాగే అమ్మానాన్నల బండ్ల మీద బడికి పోతున్నారు. ఇల్లిల్లూ తిరిగి అడిగితే అందరూ ఒకే చోటు చెప్పారు. దారి మధ్యలో మెయిన్ రోడ్డు దాటే చోటు. గట్టిగా కొలిస్తే ఇరవై మీటర్లు ఉండదు. దానికి భయపడి రెండు కిలోమీటర్ల దారినీ వదిలేశారు. మ్యాప్‌లో మేము దాని మీదుగా గీత లాగేసి ముందుకు పోయాం. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

కాబట్టి నీ మ్యాప్‌లో రోడ్డు దాటే చోట్లన్నిటికీ ముందు గుర్తులు పెట్టు. ఫుట్‌పాత్ టైల్స్ గురించి, మొక్కల గురించి తర్వాత ఆలోచించవచ్చు. బడి వదిలే వేళ ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, పెద్ద వాన వెలిసిన వెంటనే ఒకసారి అక్కడికి వెళ్లు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అప్పుడే తెలుస్తుంది. ఒక్కదానివే వెళ్లకు. చేతికర్ర పట్టుకుని నడిచే పెద్దావిడను ఒకరిని, ఆరేళ్ల పిల్లను ఒకరిని వెంట తీసుకెళ్లు. ఆ పిల్ల పక్కన నువ్వూ మోకాళ్ల మీద కూర్చుని చూడు. ఆగి ఉన్న కారు చాటు నుంచి వచ్చే బండి ఆ ఎత్తులో కనబడనే కనబడదు. దాటే చోటుకు దగ్గరలో పార్కింగ్ ఎందుకు ఉండకూడదో కమిటీకి చెప్పడానికి ఆ ఒక్క ఫొటో చాలు.

సిగ్నల్ ఉంటే వాచీ పెట్టి లెక్కపెట్టు. ఆరోగ్యంగా ఉన్న మనిషి సెకనుకు సుమారు 1.2 మీటర్లు నడుస్తాడు. 12 మీటర్ల రోడ్డు దాటడానికి పది సెకన్లు పడుతుంది. నా వయసువాళ్లు చాలామంది సెకనుకు 0.8 మీటర్లకు మించి నడవలేరు. వాళ్లకు పదిహేను సెకన్లు కావాలి. పచ్చ లైటు పది సెకన్లకే ఆరిపోతే వాళ్లు అవతలి అంచుకు ఇంకా నాలుగు మీటర్ల దూరంలో, బండ్లు కదిలే వేళకు నడిరోడ్డు మీద ఉంటారు. సిగ్నల్ సమయం పెంచమని అడుగు. కుదరదంటే రోడ్డు మధ్యలో ఆగే తావు అడుగు. దాటే దిశలో అది రెండు మీటర్ల వెడల్పైనా ఉండాలి, లేకపోతే వీల్‌చైర్ గానీ పిల్లల బండి గానీ సగం రోడ్డు మీదే ఉండిపోతుంది.

ఇక బండ్ల వేగం. వేగం రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగింతలవుతుంది. నడిచేవాళ్లు, సైకిళ్లు, బండ్లు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రత సదస్సు ప్రకటన కూడా చెప్పింది. బోర్డు పెడితే వేగం తగ్గుతుందనుకోకు. మలుపు విశాలంగా, గుండ్రంగా ఉంటే డ్రైవరు బ్రేకు తొక్కడు. మలుపును ఇరుకు చెయ్యాలి, దాటే చోటును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపాలి. ఒకేసారి కాంక్రీటు పోయించకు. కోన్లు, రంగు, పూలకుండీలతో ఒక నెల చేసి చూడు. అప్పుడు తప్పు బయటపడినా కుండీ జరిపితే సరిపోతుంది.

దారి ఎటు పోవాలన్నది జనం పాదాలను అడుగు. గడ్డి మీద అరిగి తెల్లబడిన బాట కనిపిస్తే దానికే రాళ్లు పరిపించు. అందంగా ఉంటుందని చుట్టుదారి వేస్తే ఎవరూ రారు. రెండు కాలనీల మధ్య గోడ అడ్డం ఉందేమో కూడా చూడు. అక్కడ ఒక సందు తెరిస్తే బడి దగ్గరపడుతుంది, బండ్ల దారి మాత్రం అలాగే ఉంటుంది. ఊరంతా కొత్త ఫుట్‌పాత్‌లు వేసినా రాని ఫలితం ఒక్క సందుతో రావడం నేను చూశాను.

ఆ సందులోకి మోటారు సైకిళ్లు దూరతాయని గేటు పెట్టమంటారు. జాగ్రత్త. మోటారు సైకిల్‌ను ఆపే వంకరటింకర గేటు వీల్‌చైర్‌నూ, మూడు చక్రాల సైకిల్‌నూ ఆపేస్తుంది. మేము అలాంటిది పెట్టి, రెండు వారాల్లో పీకించాం. మీటరున్నర ఎడంతో స్తంభాలు పాతించు. మోటారు సైకిళ్లను అవి ఆపవు, కానీ కారు దూరదు, మిగతావాళ్లకు ఇబ్బంది ఉండదు.

నీలం గీత గురించి రెండు మాటలు. ఇరుకు ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లనూ సైకిళ్లనూ కలపకు. మనిషి గంటకు ఐదు కిలోమీటర్లు నడిస్తే సైకిల్ పదిహేను పోతుంది, ముసలివాళ్లు బెదిరిపోతారు. ట్రాఫిక్ తక్కువున్న లోపలి వీధుల గుండా సైకిల్ దారి వెయ్యి, అయితే అడుగడుగునా ఆగాల్సి రాకూడదు. ఆగిన ప్రతిసారీ మళ్లీ కాళ్ల బలంతోనే కదలాలి కదా. ఆగి ఉన్న కార్ల వరుస పక్కన గీత గీస్తే, తలుపు తెరుచుకునే మేర, అంటే కనీసం మీటరు వదులు. డ్రైనేజీ జాలీ కమ్మీలు దారి పొడవునా ఉంటే సన్న చక్రం అందులో దిగబడుతుంది. వాటిని అడ్డంగా తిప్పి పెట్టించు. చిన్న పనే, కానీ ఒక పిల్లాడి పళ్లు కాపాడుతుంది.

మనవాళ్లు సైకిల్ తొక్కరండీ అని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నెదర్లాండ్స్‌లోనూ ఒకప్పుడు కార్ల కోసం వీధులు వెడల్పు చేసుకుంటూ పోయారు. 1971లో ఒక్క ఏడాదిలో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి అడిగాకే అక్కడి దారులు మారడం మొదలైంది. ఈ సంగతి నెమ్మదిగా చెప్పు, వాదనకు దిగకు. దారి పొడవునా ఇళ్లవాళ్లను, కొట్లవాళ్లను మీటింగుకు ముందే కలువు. తమ గుమ్మం ముందు గీత పడిందని మీటింగులోనే మొదటిసారి తెలిస్తే ఎవరైనా కోప్పడతారు.

లెక్క రాయడం మరిచిపోకు. పని మొదలుకాకముందు, అయ్యాక, అదే గంటలో, అదే చోట నిలబడి ఎంతమంది నడిచారో, ఎంతమంది సైకిల్ మీద వెళ్లారో రాయి. ఆడవాళ్లను, పిల్లలను, పెద్దవాళ్లను విడిగా రాయి. సాయంత్రం ఆరు దాటాక ఆడవాళ్లు కనబడకపోతే దారిలో దీపాల సంగతి చూడు. చాలాచోట్ల దీపం రోడ్డుకే వెలుతురిస్తుంది, ఫుట్‌పాత్ మీద చెట్టు నీడే పడుతుంది.

ఈ వారం బడి వదిలే వేళకు నీ మ్యాప్‌లోని పెద్ద కూడలి దగ్గర అరగంట నిలబడి, ఎవరు ఎంతసేపట్లో దాటారో రాసి పంపు. పెద్దమ్మను కూడా వెంట రమ్మంటాను. తన మోకాళ్లతో ఆ రోడ్డు దాటగలిగితే మిగతా దారి గీద్దాం.

మీ పెదనాన్న