స్లీవ్ సర్జరీ తర్వాత గొంతులోకి పుల్లటి నీళ్లు: చిత్తూరు అక్కకు సమాధానం

అక్కా, స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం తీసేసే ఆపరేషన్) అయి ఆరు నెలలైనా పడుకోగానే గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తున్నాయి, ఆపరేషన్ ఫెయిలయిందా అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, స్లీవ్ తర్వాత చాలామందికి ఇది ఉంటుంది. పొట్ట సన్నని గొట్టంలా మారి, లోపల ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి తంతుంది.

ముందు రాత్రి తిండి చూసుకోండి. పడుకోవడానికి 3 గంటల ముందే ముగించాలి. మన వైపు సంగటి ముద్దను నమలకుండా మింగేస్తాం, పక్కన ఊరుబిండి (రోటి పచ్చడి) కారం. ఇప్పటి పొట్టకు అది పడదు. సంగటి జారుగా చేసుకుని, కొంచెం కొంచెంగా పప్పుతో నిదానంగా తినండి. తింటూ నీళ్లు తాగొద్దు, అరగంట ఆగండి. దిండ్లు పేర్చుకుంటే పొట్ట మడతపడి ఇంకా ఎక్కువవుతుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి, ఎడమ పక్కకు తిరిగి పడుకోండి.

పాంటోప్రజోల్ (యాసిడ్ తగ్గించే మాత్ర) టిఫిన్ తర్వాత వేసుకుంటున్నానన్నారు. అది పరగడుపున, టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. దాన్ని నెలల తరబడి వాడితే ఒంట్లో బి12, ఐరన్ తగ్గొచ్చు కాబట్టి ఆ పరీక్షలు కూడా చేయించుకోండి.

అప్పటికీ తగ్గకపోతే మీ సర్జన్‌నో, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో గ్యాస్ట్రో డాక్టర్‌నో కలిసి ఎండోస్కోపీ (గొట్టం కెమెరాతో పొట్ట లోపల చూసే పరీక్ష) గురించి అడగండి. మరీ మొండిగా ఉంటే స్లీవ్‌ను గ్యాస్ట్రిక్ బైపాస్‌గా (పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే ఆపరేషన్) మార్చే దారి కూడా ఉంది. మింగడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా, మలం నల్లగా వచ్చినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.