మాత్రలు వాడుతున్నా ఫిట్స్ ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. మూర్ఛకు లెవెటిరాసెటమ్ వాడుతోంది. రెండేళ్లుగా ఫిట్స్ లేవు. ఈమధ్య రెండుసార్లు వచ్చాయి. ఒకటి పరీక్షలప్పుడు, ఇంకోటి జలుబుకు ఆవిరి పట్టిన రోజు. ఫోన్ ఎక్కువ చూడటం వల్లే అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మెరిసే వెలుతురు వల్ల ఫిట్స్ వచ్చేది మూర్ఛ ఉన్నవారిలో నూటికి సుమారు ముగ్గురికే. ఫోన్‌తో అసలు ఇబ్బంది, అది రాత్రిళ్లు నిద్ర పోనివ్వదు. పరీక్షల టెన్షన్‌కి రెండు మూడు రాత్రుల జాగారం తోడైతే ఫిట్స్ రావడానికి అది చాలు.

అయినా నేను ముందు అడిగేది మాత్రల గురించే. ఫిట్స్ తిరగబెట్టడానికి తరచూ కనిపించే కారణం మాత్ర తప్పిపోవడం. లెవెటిరాసెటమ్ ఆరు నుంచి ఎనిమిది గంటల్లోనే రక్తంలో సగానికి పడిపోతుంది. రాత్రి మాత్ర మర్చిపోతే తెల్లారేసరికి మందు బలం చాలావరకు తగ్గిపోతుంది. రూమ్మేట్స్ చూస్తారని సిగ్గుపడి మానేసే పిల్లలు చాలామంది ఉంటారు. కోప్పడకుండా అడగండి. భయపడితే నిజం చెప్పదు.

ఆవిరి నీళ్లలో ఏం కలిపారు? కర్పూరం, నీలగిరి తైలం మూర్ఛ లేనివాళ్లలో కూడా ఫిట్స్ తెప్పించగలవు. అవి ఉన్న బామ్‌లు, ఇన్‌హేలర్లు కూడా మీ అమ్మాయికి వద్దు. జ్వరం వచ్చినా ఫిట్స్ రావచ్చు. జలుబుకని షాపులో అడిగి తెచ్చుకునే మత్తు మాత్రలు, నొప్పులకు వాడే ట్రమడాల్, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్స్ కూడా కొందరిలో ఫిట్స్ రేపుతాయి. ఏ మందు కొన్నా మూర్ఛ ఉందని ముందే చెప్పాలి.

ఇంకో రెండు విషయాలు గమనించండి. నెలసరి ముందో, ఆ రోజుల్లోనో వస్తున్నాయా? తల మీద బాగా వేడినీళ్లు పోసుకున్నప్పుడు వస్తున్నాయా? ఈ రెండో రకం మన దక్షిణాదిలో ఎక్కువే. గోరువెచ్చని నీళ్లు వాడితే చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది. ఫిట్ వచ్చిన తేదీ, సమయం, ముందు రాత్రి నిద్ర, మాత్ర వేసుకుందో లేదో రాసిపెట్టి మీ న్యూరాలజిస్ట్‌కు ఈ వారమే చూపించండి. డోసు మీరే పెంచడం, తగ్గించడం వద్దు.

మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టినా ఉపయోగం లేదు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా 108కి ఫోన్ చేయండి. ఈ జాగ్రత్తలు రూమ్మేట్స్‌కి కూడా తెలియాలి. డాక్టర్ చెప్పేదాకా బండి నడపొద్దని, బాత్రూమ్ గడియ పెట్టుకోవద్దని అమ్మాయికి చెప్పండి.