సూసన్ బెర్మన్‌ని చంపింది మాఫియానా?

"లాస్ వేగాస్ మాఫియా నాయకుడి కూతురు, రచయిత్రి సూసన్ బెర్మన్ హత్య ఇప్పటికీ తేలలేదంటారు, నిజమేనా? మాఫియావాళ్ళే చంపించారా?" అని అడిగారు.

రెండిటికీ జవాబు కాదనే. 2021 సెప్టెంబరు 17న లాస్ ఏంజెలెస్ జ్యూరీ రాబర్ట్ డర్స్ట్ అనే మనిషిని ఆ హత్యలో దోషిగా తేల్చింది. అతను న్యూయార్క్ భవనాల వ్యాపార కుటుంబపు పెద్దకొడుకు, ఆమెకి చదువుకునే రోజుల నుంచి ప్రాణస్నేహితుడు. 1984లో ఆమె పెళ్ళిలో తండ్రి స్థానంలో చెయ్యి పట్టుకుని నడిపించింది అతనే. హత్య 2000 డిసెంబరులో జరిగింది. తీర్పుకి ఇరవై ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళు పట్టడానికి ఆమె ఇంటిపేరు కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

నేను లాస్ ఏంజెలెస్‌లోనే ఉంటాను. ఇంగిల్‌వుడ్ కోర్టులో విచారణ జరిగినప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ప్రత్యక్ష ప్రసారం పెట్టుకుని చాలా భాగం చూశాను. ఆమె రాసిన ఆత్మకథ 'ఈజీ స్ట్రీట్' అంతకుముందే చదివి ఉన్నాను. ఆ పుస్తకం నన్ను వదలకపోవడానికి ఒక సొంత కారణం ఉంది. మా అమ్మమ్మగారిది కర్నూలు జిల్లాలో ఒక ఫ్యాక్షన్ ఊరు. చిన్నప్పుడు సెలవులకి వెళితే చీకటి పడ్డాక వీధి తలుపు తీయనిచ్చేవాళ్ళు కాదు. తాతయ్య ఎక్కడికి వెళ్ళాడని అడిగితే "పిల్లలకెందుకే, అన్నం తిను" అనేవాళ్ళు. కొన్నిసార్లు రాత్రికి రాత్రే మమ్మల్ని జీపెక్కించి కర్నూలు పంపేసేవాళ్ళు. ఎందుకని అడక్కూడదని ఎవరూ చెప్పక్కర్లేదు, మాకే తెలిసిపోయేది.

సూసన్ బాల్యం సరిగ్గా ఇదే. తండ్రి డేవీ బెర్మన్ మినియాపొలిస్‌లో జూదం నడిపినవాడు. అంతకుముందు ఒక దొంగసారా వ్యాపారిని ఎత్తుకుపోయి డబ్బు గుంజిన కేసులో సింగ్ సింగ్ జైల్లో ఏళ్ళ తరబడి ఉన్నాడు. జైలుకెళ్ళొచ్చినవాడని రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తీసుకోకపోతే, సరిహద్దు దాటి కెనడా సైన్యంలో చేరాడు. సూసన్ 1945లో పుట్టింది. 1947 జూన్‌లో బగ్సీ సీగెల్ అనే మాఫియా నాయకుణ్ణి బెవర్లీ హిల్స్‌లో కాల్చి చంపాక, అతను నడిపిన లాస్ వేగాస్‌లోని ఫ్లమింగో హోటల్‌ని స్వాధీనం చేసుకున్న వాళ్ళలో డేవీ ఒకడు. ఆ కూతురికి మాత్రం నాన్న హోటల్ యజమాని, అంతే. తనకి కాపలా ఉండేవాళ్ళని 'నాన్న స్నేహితులు' అనుకుంది. పడకగది కిటికీలు అందనంత ఎత్తున ఎందుకున్నాయో పెద్దయ్యాక గాని అర్థం కాలేదని రాసుకుంది. ఉన్నట్టుండి లాస్ ఏంజెలెస్ హోటల్‌కి ప్రయాణం కట్టించేవాళ్ళు. అక్కడ గదిలో కాపలావాళ్ళతో పేకాట ఆడుతూ కూర్చునేది. అది విహారయాత్ర అనుకుంది పాపం!

1957లో ఆపరేషన్ బల్ల మీదే తండ్రి పోయాడు. మానసికంగా ఎప్పటినుంచో నలిగిపోయిన తల్లి మరుసటేడు పోయింది. మందులు ఎక్కువ మింగి ఆత్మహత్య చేసుకుందన్నారు. సూసన్ ఆ మాట పూర్తిగా ఎన్నడూ నమ్మలేదు. పదమూడేళ్ళకే తల్లీతండ్రీ లేరు. ఆ తర్వాత బాధ్యత తీసుకున్నది బాబాయి చిక్కీ బెర్మన్, ఆయనా ఆ వ్యాపారంలోని మనిషే. తండ్రి నిజంగా ఎవరో ఆమెకి ఒక పుస్తకం వల్ల తెలిసింది. వేగాస్ జూదశాలల లోగుట్టు మీద 1960లలో వచ్చిన పుస్తకంలో నాన్న పేరు, ఆయన మనిషిని ఎంత సునాయాసంగా చంపగలడో అన్న వర్ణనతో సహా!

ఆమె తర్వాత చేసిన పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. బర్క్‌లీలో జర్నలిజం చదివి, శాన్ ఫ్రాన్సిస్కో పత్రికల్లో పేరు తెచ్చుకున్నాక, తండ్రి మీద ఎఫ్‌బీఐ దాచిన ఫైళ్ళు అడిగి తెప్పించుకుంది. బతికున్న పాతవాళ్ళని వెతికి పట్టుకుని మాట్లాడింది. 1981లో 'ఈజీ స్ట్రీట్' వచ్చింది. అందులో తండ్రిని కడిగేయలేదు, కాల్చేయనూ లేదు. నన్ను ప్రేమించిన మనిషీ, ఈ ఫైల్లో ఉన్న మనిషీ ఒక్కడే, ఇప్పుడు నేనేం చెయ్యాలి అన్న ప్రశ్నతో పుస్తకమంతా నడిపింది. మా తాతయ్య గురించి రెండు పేజీలు రాయాలని కూర్చుని లేచిపోయిన మనిషిని నేను. అది ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆ తర్వాతి జీవితం కలిసిరాలేదు. సినిమా అవకాశాల కోసం లాస్ ఏంజెలెస్ వచ్చింది. పెళ్ళి నిలబడలేదు, విడిపోయిన భర్త మాదకద్రవ్యాలకి బలయ్యాడు. డ్రైఫస్ ఉదంతం (ఫ్రాన్స్‌లో ఒక యూదు సైనికాధికారి మీద పెట్టిన తప్పుడు రాజద్రోహం కేసు) మీద సంగీత నాటకం తలపెడితే అది రంగస్థలం దాకా రాలేదు, ఉన్న డబ్బంతా పోయింది. డిటెక్టివ్ నవలలు రాసింది. 1996లో లాస్ వేగాస్ మీద టీవీ డాక్యుమెంటరీకి తోడుగా ఇంకో పుస్తకం తెచ్చింది. అయినా 2000 నాటికి ఇంటి అద్దెకే కటకట. అప్పుడు డబ్బు అడిగింది డర్స్ట్‌ని. అతను 25,000 డాలర్లు పంపాడు, మళ్ళీ ఇంకో 25,000 పంపాడు.

డిసెంబరు 24న బెనెడిక్ట్ కాన్యన్‌లోని అద్దె ఇంట్లో ఆమె శవం దొరికింది. కుక్కలు బయట తిరుగుతున్నాయి, వెనక తలుపు తీసి ఉందని ఇరుగుపొరుగు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. తల వెనక ఒకే ఒక్క తూటా. తలుపు పగలగొట్టిన ఆనవాళ్ళు లేవు, దొంగతనం లేదు. ఇక పత్రికలకి ఏం కావాలి? మాఫియా కూతురు, మాఫియా తరహా చావు. రహస్యాలు బయటపెట్టబోతోందని చంపించారన్న కథ పాకిపోయింది. కాస్త ఆలోచించండి. తండ్రి పోయి అప్పటికి 43 ఏళ్ళు. ఫ్లమింగోలో తండ్రితో కలిసి పనిచేసిన గస్ గ్రీన్‌బామ్‌ని 1958లోనే చంపేశారు. వేగాస్ జూదశాలలు ఎప్పుడో పెద్ద కంపెనీల చేతికి పోయాయి. చెప్పాల్సిందంతా ఆమె 1981లోనే అచ్చేసింది, అప్పుడు ఎవరూ వేలు కూడా ఎత్తలేదు. మరి 2000లో ఎవరికి కోపం రావాలి?

ఇంకొకటి. ఆమెకి భయాలు ఎక్కువ. లిఫ్ట్ ఎక్కదు, వంతెన దాటడానికి భయం. కొత్తవాళ్ళని ఇంట్లోకి రానిచ్చే రకం కాదని తెలిసినవాళ్ళంతా అన్నారు. అలాంటి మనిషి తలుపు తీసి, వెనక్కి తిరిగి లోపలికి నడిచింది. వచ్చినవాడు పరాయివాడు కాడని అక్కడే తెలిసిపోతోంది.

డర్స్ట్ భార్య కేథీ 1982 జనవరి 31 నుంచి కనిపించలేదు. మెడికల్ కాలేజీ ఆఖరి సంవత్సరం విద్యార్థిని. మరునాడు కాలేజీకి ఒక ఆడగొంతు ఫోన్ చేసి, నేను కేథీని, ఒంట్లో బాగాలేదు, రాలేను అంది. ఆ ఫోన్ చేసింది తానేనని సూసన్ తమతో చెప్పిందని స్నేహితులు కోర్టులో సాక్ష్యమిచ్చారు. ఆ రోజుల్లో పత్రికలవాళ్ళతో డర్స్ట్ తరఫున మాట్లాడిందీ ఆమే. 2000లో న్యూయార్క్ పోలీసులు ఆ కేసు మళ్ళీ తెరిచారు. ఆమె నోరు విప్పుతుందేమోనన్న భయంతోనే చంపాడని ప్రాసిక్యూషన్ వాదించింది, జ్యూరీ ఒప్పుకుంది. మాటువేసి చంపడం, సాక్షిని చంపడం, ఈ రెండూ రుజువయ్యాయని విడిగా చెప్పింది.

నాకు గుండె పిండేసేది ఇక్కడే. నిజాన్ని తవ్వితీయడం ఆమె వృత్తి. సొంత తండ్రి ఫైళ్ళే తెప్పించుకున్న మనిషి. ఈ ఒక్క స్నేహితుణ్ణి మాత్రం అడగలేదో, అడిగి కూడా కడుపులో దాచుకుందో. డర్స్ట్‌కీ చిన్నతనంలోనే తల్లి పోయింది. అతనికి ఏడేళ్ళప్పుడు ఆమె ఇంటి కప్పు మీద నుంచి పడి చనిపోయింది. తల్లిలేని పిల్లలమనే బంధం వాళ్ళని కలిపిందని అంటారు. అది నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆమెలో ఆ ఇంటి పెంపకం కనిపిస్తుంది: మనవాడైతే నోరెత్తకు, పోలీసులకి చెప్పకు. మా అమ్మమ్మ ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళు ఆ ఒక్క పాఠాన్ని గుండెలో పెట్టుకుని బతికారో చూశాను. మాఫియా ఆమెని చంపలేదు, కానీ మాఫియా ఇల్లు నేర్పిన మౌనం ఆమెని హంతకుడి పక్కనే కూర్చోబెట్టింది. ఆ ఫోన్ వల్ల కేథీకి జరిగిన అన్యాయాన్ని కూడా నేను తక్కువ చేసి మాట్లాడను. ఆ ఒక్క అబద్ధంతో దర్యాప్తు దారి తప్పింది.

కేసుని నిలబెట్టింది ఒక కవరు. హత్య జరిగిన రోజుల్లోనే బెవర్లీ హిల్స్ పోలీసులకి ఒక చీటీ వచ్చింది. పెద్ద అక్షరాల్లో సూసన్ చిరునామా, 'శవం' అన్న ఒక్క మాట. కవరు మీద బెవర్లీ అన్న పేరులో ఇంగ్లిషు ఇ అక్షరం ఒకటి ఎక్కువ పడింది. ఏళ్ళ తర్వాత డర్స్ట్ మీద 'ది జింక్స్' అనే డాక్యుమెంటరీ తీస్తున్నవాళ్ళకి, సూసన్ కొడుకులా పెంచిన అబ్బాయి ఆమె పాత కాగితాల్లో ఒక ఉత్తరం చూపించాడు. 1999లో డర్స్ట్ రాసింది. అదే చేతిరాత, అదే తప్పు. ఆ చీటీ రాసినవాడే హంతకుడై ఉంటాడని డర్స్ట్ అంతకుముందే కెమెరా ముందు అనేశాడు! 2015 మార్చి 14న న్యూ ఓర్లీన్స్‌లో అరెస్టయ్యాడు. ఆ డాక్యుమెంటరీ ఇంటర్వ్యూ అయ్యాక, ఒంటి మీద మైకు ఉండగానే బాత్రూంలో 'అందర్నీ చంపేశాను' అన్నట్టుగా తనలో తాను గొణుక్కున్న మాటల గురించే అందరూ చెబుతారు. ఆ మాటల వరుసని తీసినవాళ్ళు మార్చి చూపించారని తర్వాత తేలింది. నా దృష్టిలో అసలు సాక్ష్యం ఆ కవరే.

విచారణలో చీటీ రాసింది తనేనని ఒప్పుకున్నాడు. తను వెళ్ళేసరికే ఆమె చనిపోయి ఉందన్నాడు. చంపి ఉంటే మాకు నిజం చెబుతావా అని ప్రాసిక్యూటర్ అడిగితే, చెప్పనన్నాడు. అది విన్నప్పుడు నేను పని ఆపేసి కూర్చుండిపోయాను.

2021 అక్టోబరు 14న యావజ్జీవ శిక్ష పడింది, పెరోల్ లేకుండా. 2022 జనవరి 10న, 78 ఏళ్ళ వయసులో, అప్పీలు విచారణకి రాకముందే కస్టడీలో చనిపోయాడు.

మీరు వీటిలో ఒక్కటే చూడగలిగితే డాక్యుమెంటరీ పక్కన పెట్టి 'ఈజీ స్ట్రీట్' చదవండి. డాక్యుమెంటరీ అతని గురించి, పుస్తకంలో ఆమె ఉంది. ఇక 'తేలని' అన్న మాట ఇక్కడ వర్తించేది కేథీకి. ఆమె హత్య కింద డర్స్ట్ మీద న్యూయార్క్‌లో అభియోగం మోపింది 2021 నవంబరులో. రెండు నెలల్లో అతను పోయాడు. ఆ విచారణ జరగలేదు, ఆమె అవశేషాలు దొరకలేదు.