మీరు అడిగారు: ‘టెయింటెడ్ లవ్’ ఇంకా ఎందుకు మోగుతోంది?

ప్రశ్న: పాప్ సింగర్ రిహానా పాట ‘ఎస్ఓఎస్’ ట్యూన్ ఎక్కడిదా అని వెతికితే సాఫ్ట్ సెల్ అనే ఇంగ్లండ్ గ్రూపు వాళ్ళ ‘టెయింటెడ్ లవ్’ దగ్గర తేలాను, తీరా చూస్తే అదీ వాళ్ళది కాదంట, అరవైల్లో పాటంట! అసలుది ఎవరికీ తెలీకుండా కాపీ మాత్రం ఇన్నేళ్ళు ఎలా నిలబడిందండీ?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కాపీ అనేయకండమ్మా, వాళ్ళు చాలా పనే చేశారు. అసలు పాట గ్లోరియా జోన్స్ పాడింది, 1965లో ఓ రికార్డు బి సైడ్‌గా, అంటే రెండో వైపు పాటగా వచ్చి ఎవరికీ పట్టకుండా పోయింది. 1973లో రిచర్డ్ సియర్లింగ్ అనే ఇంగ్లండ్ డీజే అమెరికా వెళ్ళి ఆ రికార్డు కొనుక్కొచ్చి క్లబ్‌లో వేశాడు. ఉత్తర ఇంగ్లండ్‌లో అప్పట్లో ఓ పిచ్చి ఉండేది లెండి, అమెరికాలో ఫ్లాపైన సోల్ (అక్కడి నల్లజాతివాళ్ళ పాటల తరహా) రికార్డులు ఏరుకొచ్చి తెల్లార్లూ డాన్సులు, కాలు బాగా జారాలని ఫ్లోర్ మీద టాల్కమ్ పౌడర్ కూడా చల్లుకునేవాళ్ళు! నార్తర్న్ సోల్ అంటారు దాన్ని. సాఫ్ట్ సెల్ అంటే ఇద్దరే, అక్కడి లీడ్స్ ఊళ్ళో చదువుకుంటూ కలిసిన గాయకుడు మార్క్ ఆల్మండ్, డేవ్ బాల్. వాళ్ళకి ఈ పాట అలా అందింది, 1981లో రిలీజ్ చేశారు.

మన సినిమాల్లో రీమిక్స్ అంటే స్పీడ్ పెంచి డ్రమ్స్ దట్టించేయడమే కదా, వీళ్ళు ఉల్టా చేశారు. స్పీడ్ తగ్గించారు, వాయిద్యాల బృందం మొత్తాన్ని ఇంటికి పంపించి సింథసైజర్లు (ఎలక్ట్రానిక్ కీబోర్డులు), ఒక గొంతు మాత్రం ఉంచుకున్నారు. గ్లోరియా పాట వింటే కాళ్ళు ఆగవు, నిజమే, కానీ ఆ ఊపులో బాధ కొట్టుకుపోతుంది (ఆవిడ ఫ్యాన్స్ తిట్టుకున్నా సరే, నాకు అలాగే అనిపిస్తుంది). పాటలో మనిషికేమో రాత్రిళ్ళు నిద్ర లేదు, ఆ ప్రేమ నుంచి పారిపోతే చాలు అనుకుంటున్నాడు. అలాంటోడి చుట్టూ అంత సందడి ఎందుకు చెప్పండి? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాఫ్ట్ సెల్‌ది మొదట్లోనే వినండి, ‘టింక్ టింక్’ అని రెండు దెబ్బలు, గొంతు కాస్త ఆగగానే మళ్ళీ అవే. మెషీన్ ఏమీ పట్టనట్టు కొట్టుకుపోతుంటే ఆల్మండ్ గొంతు మాత్రం వణుకుతుంది, అక్కడక్కడా శ్రుతి జారుతోందా అని కూడా డౌటొస్తుంది. నన్నడిగితే దాని బలం అక్కడే ఉంది, నీట్‌గా పాడుంటే ఈపాటికి మర్చిపోయేవాళ్ళం.

బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అమెరికాలో 8వ స్థానం దాకానే వెళ్ళింది గానీ అక్కడి హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లోంచి 43 వారాలు కదల్లేదు, అప్పటికి అది రికార్డు.

ప్రశ్న: మరి గ్లోరియా జోన్స్‌కి డబ్బులొచ్చాయా?

జవాబు: కవర్ (ఒకరి పాటని ఇంకొకరు మళ్ళీ పాడితే అదే) మీద రాయల్టీ పాట రాసినవాళ్ళకే వెళ్తుంది, మొదట పాడినవాళ్ళకి రాదు. రాసింది ఎడ్ కాబ్, రిహానా పాట రచయితల్లో కూడా ఆయన పేరుంటుంది. గ్లోరియా 1976లో మళ్ళీ పాడి రిలీజ్ చేసినా ఆడలేదు పాపం. ఇంకో సంగతి, సాఫ్ట్ సెల్ వాళ్ళు ఆ రికార్డుకి రెండో వైపు అయినా సొంత పాట పెట్టుకోవచ్చు కదా, అక్కడా సుప్రీమ్స్ అనే అమెరికా గ్రూపు 1964 పాటే పెట్టారు. దాంతో అంత పెద్ద హిట్టు మీద రచయితలుగా వాళ్ళకొచ్చింది సున్నా.