సహాయ శిబిరాల్లో స్త్రీల భద్రత

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మేము పదిహేను మందిమి అజిత్‌సింగ్‌నగర్‌లో భోజనం పొట్లాలు, పాలు పంచాము. టోకెన్ల కోసం రాసుకున్న నంబర్లకు మాలో ఒకతను రాత్రిళ్ళు ఫోన్ చేసి ఆడవాళ్ళను వేధించాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు సంఘాన్ని రిజిస్టరు చేయిస్తున్నాము. ముందే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పొట్లం ఎవరికి అందాలో నిర్ణయించే మనిషికి, నీళ్ళు తీసేవరకు, ఆ వీధిలో ఎవరికీ లేనంత అధికారం ఉంటుంది. గినియా, లైబీరియా, సియెర్రా లియోన్‌లలోని శరణార్థి శిబిరాల్లో కొందరు సహాయక సిబ్బంది తిండిగింజలకు బదులుగా స్త్రీలను, బాలికలను లైంగికంగా వాడుకున్నారని 2002లో బయటపడ్డాకే, ఐక్యరాజ్యసమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి ఆరు నియమాలు రాసుకున్నాయి. సాయానికి బదులు లైంగిక కోరిక కోరకూడదు, 18 ఏళ్ళలోపు వారితో ఏ లైంగిక సంబంధమూ పెట్టుకోకూడదు, తోటివారిపై అనుమానం కలిగితే దాచకుండా తెలియజేయాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. వీటిని తెలుగులో రాయించి, ప్రతి వాలంటీరు చేత చదివించి, సంతకం తీసుకున్నాకే పనిలోకి దించండి.

టోకెనుకు పేరు, డోరు నంబరు చాలు. ఫోన్ నంబరు తప్పదంటే ఆ పుస్తకం ఇద్దరు మహిళల దగ్గరే ఉండాలి. పంపిణీ పగటిపూటే ముగించండి, ఒంటరి మగవాణ్ణి ఏ ఇంటికీ పంపకండి. శిబిరం మీరే నడిపితే ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, పురుషులకు ఒకటి ఉంటే స్త్రీలకు మూడు, లోపలి గడియ, దారి పొడవునా దీపాలు కావాలి. శిబిరాలుగా వాడే మన బడుల్లో మరుగుదొడ్లు తరచు వెనక మూలన చీకట్లో ఉంటాయి గనుక ఈ దీపాల సంగతి నేను అన్నిటికంటే ముందు చూస్తాను.

ఫిర్యాదు వస్తే మీలో మీరు పంచాయితీ పెట్టి రాజీ చేయకండి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం వేతనం లేని వాలంటీర్లను కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది, పది మంది ఉన్న చోట అంతర్గత కమిటీ వేయమంటుంది. దానికి మహిళ అధ్యక్షురాలు కావాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. బాధితురాలికి 18 ఏళ్ళు నిండి ఉంటే ఎక్కడికి వెళ్ళాలో ఆమే నిర్ణయించుకోవాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసర నంబరు 112, బాధిత స్త్రీలకు వైద్యం, న్యాయసాయం ఒకేచోట అందించే వన్ స్టాప్ సెంటర్ గురించి ఆమెకు చెప్పి, ఆమె పేరు బయటికి పొక్కకుండా చూడడం మీ బాధ్యత. 18 ఏళ్ళలోపు బిడ్డపై లైంగిక నేరం జరిగితే మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

ఇక ఆ వ్యక్తిని మళ్ళీ జట్టులో చేర్చుకోకండి. ఇటువంటివారు ఒకచోట మానేసి ఇంకో సంఘంలో చేరడం మామూలే కాబట్టి, ఎవరైనా అతని గురించి అడిగితే, స్త్రీల పేర్లు చెప్పకుండా, అతణ్ణి ఎందుకు తప్పించారో దాచకుండా చెప్పండి.